పాప కాలికి ఆరో వేలు: తీసేయడం చిన్న పని, మిగిలిన వేలిని నిలబెట్టడం పెద్ద పని

అమ్మా, మీరు రాసిన సంగతిని ముందుగా నా మాటల్లో చెప్పుకుని జవాబులోకి వస్తాను. మీ పాపకు తొమ్మిది నెలలు. ఎడమ కాలికి చిటికెన వేలి పక్కన గోరుతో సహా ఇంకో వేలు ఉంది. అదే కాలికి రెండో వేలు, మూడో వేలు సగం దాకా చర్మంతో కలిసి ఉన్నాయి. నాలుగేళ్ళ బాబుకు రెండు కాళ్ళలోనూ నాలుగో వేలు మూడో వేలి కిందికి ముడుచుకుని ఉంటోంది. మీ వారు మీకు మేనబావ. ఆరో వేలు అదృష్టమని, దాని జోలికి పోవద్దని మీ అత్తగారు అంటున్నారు. దారం గట్టిగా కడితే వారం పది రోజుల్లో అదే రాలిపోతుందని ఊళ్ళో ఆరెంపీ గారు చెప్పారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కదలకుండా పడుకోలేదు కాబట్టే ఇలా అయిందని మీ అమ్మగారు మిమ్మల్నే అంటున్నారు. ఆపరేషన్ తప్పదా, తప్పకపోతే ఎప్పుడు, ఇంత పసిబిడ్డకు మత్తు ఇస్తే ప్రమాదం కాదా అన్నవి మీ ప్రశ్నలు. పిల్లల ఎముకల శస్త్రచికిత్సలో పాతికేళ్ళకు పైగా గడిపిన అనుభవంతో, పాపను స్వయంగా చూడలేదన్న హద్దును గుర్తు పెట్టుకుంటూ, తెలిసినంత చెబుతాను.

మిమ్మల్ని లోపల తొలిచేస్తున్నది గ్రహణం మాట అని మీ రాత చూస్తేనే అర్థమవుతోంది, కాబట్టి దానితోనే మొదలుపెడతాను. గర్భంలో నాలుగో వారం చివరికి కాలు ఒక చిన్న మొగ్గలా పొడుచుకు వస్తుంది. ఆ మొగ్గ చివర తెడ్డులా వెడల్పై, అందులో వేళ్ళ గీతలు ఏర్పడి, గీతల మధ్య ఉన్న కణాలు వాటంతట అవే చనిపోయి, ఎనిమిదో వారానికల్లా వేళ్ళు విడివడతాయి. కొన్ని కణాలు చనిపోకుండా మిగిలితే వేళ్ళు అతుక్కుని ఉంటాయి, గీతల్లో ఒకటి ఎక్కువైతే ఆరో వేలు వస్తుంది. నెల తప్పిన సంగతి రూఢి చేసుకుని చాలామంది మొదటి స్కానింగ్‌కు వెళ్ళే వేళకే ఇదంతా ముగింపుకు వచ్చేస్తుంది. మీరు పడుకున్నా తిరిగినా, గ్రహణం పట్టినా విడిచినా, ఆ గీతలు మారవు. వెయ్యి కాన్పుల్లో దాదాపు ఒకటి రెండింటిలో చేతికో కాలికో అదనపు వేలు కనిపిస్తుంది. చాలాసార్లు అది ఒక తరంలో కనబడి, ఒక తరంలో దాగి, కుటుంబంలో నడిచి వచ్చేదే. మా ఇంట్లో ఎవరికీ లేదని గట్టిగా చెప్పిన ఒక తాతగారిని చెప్పులు విప్పమని అడిగితే, కుడి పాదం బయటి అంచున బఠాణీ గింజంత బుడిపె కనిపించింది. పుట్టిన రోజునే మంత్రసాని ఏదో తీసేసిందని తన తల్లి చెప్పేదని ఆయనకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

మేనరికం గురించి మీరు అడగలేదు గానీ, చెప్పడం నా బాధ్యత. మామూలు ఆరో వేలికి మేనరికంతో పని లేదు. అయితే తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే అరుదైన జబ్బులు కొన్ని ఉన్నాయి, వాటిలో ఆరో వేలు ఒక్కటే కాకుండా ఇంకా కొన్ని లక్షణాలు ఉంటాయి. ఎల్లిస్ వాన్ క్రెవెల్డ్ అనే జబ్బులో సాధారణంగా చేతులకు ఆరు వేళ్ళు, పొట్టి కాళ్ళూ చేతులూ, చిన్నగా పెళుసుగా ఉండే గోళ్ళు, చాలామందిలో గుండె గదుల మధ్య రంధ్రం ఉంటాయి. బార్డెట్ బీడిల్ అనే జబ్బులో ఏడాది దాటాక బరువు బాగా పెరగడం, బడి వయసుకు చీకట్లో చూపు తగ్గడం, మూత్రపిండాల లోపాలు ఉంటాయి. పాప చక్కగా ఎదుగుతూ, పాలు బాగా తాగుతూ, చేతి వేళ్ళు, గోళ్ళు మామూలుగా ఉంటే ఇవి ఉండే అవకాశం చాలా తక్కువ. అయినా ఆపరేషన్ మాట తలపెట్టే ముందు పిల్లల డాక్టరు ఒకసారి పాపను నిలువెల్లా చూసి, గుండె చప్పుడు విని, అనుమానం ఉంటే గుండెకు ఎకో, పొట్టకు స్కానింగ్ చేయించడం పద్ధతి. మత్తు ఇచ్చే డాక్టరుకూ ఆ సమాచారం కావాలి.

ఇక దారం సంగతి. దయచేసి కట్టవద్దు, ఎవరినీ కట్టనివ్వవద్దు. పులిపిరికి గుర్రపు వెంట్రుక కట్టినట్టు వేలికి దారం కట్టడం మన ఊళ్ళలో పాత అలవాటే. లోపల ఎముక లేకుండా, సన్నని చర్మపు కాడకు వేలాడే చిన్న తొడిమె లాంటి వేలిని కొందరు డాక్టర్లు కూడా పుట్టిన కొత్తలో దారంతో కట్టేవారు. కానీ మీరు చెప్పిన వేలికి గోరుంది, వెడల్పాటి మొదలుంది, కదిపితే పక్క వేలూ కదులుతోందని మీరే రాశారు. అంటే లోపల ఎముక, కీలు, రక్తనాళం, నరం అన్నీ ఉన్నాయి. దారం బిగిస్తే ఆ వేలు నల్లబడి కుళ్ళుతుంది, చీము పడుతుంది, నెత్తురు పోతుంది. అన్నీ సవ్యంగా జరిగి రాలిపోయినా, తెగిన నరం కొన చర్మం కిందే ఉండిపోయి ముడిలా గట్టిపడుతుంది. అయిదేళ్ళ బాబునొకణ్ణి నా దగ్గరికి తీసుకొచ్చారు. బడికి తయారయ్యేటప్పుడు రోజూ ఏడుస్తున్నాడని, మారాం చేస్తున్నాడనుకుని రెండు దెబ్బలు కూడా వేశామని తల్లి చెప్పింది. పాదం బయటి అంచున సజ్జగింజంత బుడిపె ఉంది. కలం మూతతో దాన్ని మెల్లగా తాకగానే పిల్లవాడు ఒక్క ఉదుటున కాలు వెనక్కి లాక్కున్నాడు. పుట్టినప్పుడు దారం కట్టి రాల్చిన వేలి నరం అది. నల్ల బూటు తొడిగిన ప్రతిసారీ దాని అంచు సరిగ్గా ఆ చోటే నొక్కుతోంది. బుడిపె తీసి, నరాన్ని పైకంటా కత్తిరించి మెత్తని కండలోకి జారేలా వదిలేశాక ఆ ఏడుపు ఆగింది. ఆ తల్లి ఆ రెండు దెబ్బల గురించే చాలాసేపు బాధపడింది.

ఆపరేషన్ తప్పదా అంటే, ప్రాణానికి గానీ నడకకు గానీ ఆరో వేలు అడ్డు కాదు. మీ పాప తన వయసుకు తగ్గట్టే నిలబడుతుంది, నడుస్తుంది. ఉత్త కాళ్ళతో, చెప్పులతో జీవితమంతా గడిపిన ఆరు వేళ్ళ వాళ్ళు ఎందరో ఉన్నారు. ఇబ్బంది బూటుతో మొదలవుతుంది. పాదం ముందు భాగం వెడల్పు కావడం వల్ల బడి బూటు పట్టదు, పట్టేంత పెద్దది కొంటే మడమ దగ్గర వదులై జారిపోతుంది, బయటి వేలు రుద్దుకుని కాయ కాస్తుంది. ఎముక పెరిగే కొద్దీ రెండు వేళ్ళూ ఒకదాన్నొకటి తోసుకుని పక్కలకు వంగుతాయి. అందుకే మొదలంటా ఎముక ఉన్న వేలిని తీసేయడమే మేలని నా అభిప్రాయం. తొందర పడవలసిన పని లేదు, పదేళ్ళ దాకా వాయిదా వేయడమూ మంచిది కాదు. నేను ఏడాది నిండాక, ఏడాదిన్నర లోపు చేయడానికి ఇష్టపడతాను. నడక రాకముందే తొమ్మిది, పది నెలలకు చేసే వాళ్ళూ ఉన్నారు, అది తప్పు కాదు. నేను ఆగడానికి కారణాలు రెండు: ఏడాది దాటిన బిడ్డకు మత్తు ఇవ్వడం ఇంకాస్త భద్రం, ఎముకలు ఎక్స్‌రేలో ఇంకాస్త స్పష్టంగా కనబడతాయి.

ఆ రెండో కారణాన్ని కొంచెం వివరించాలి. పసిబిడ్డ పాదంలో చాలా భాగం ఇంకా మెత్తని మృదులాస్థి, అది ఎక్స్‌రేకు కనబడదు. వేళ్ళకూ మడమ వైపుకూ మధ్య ఉండే అయిదు పొడుగాటి అరికాలి ఎముకల కాడలు మాత్రం పుట్టుకతోనే కనబడతాయి. ఆరో వేలు ఎక్కడి నుంచి పుట్టిందో తేల్చేది ఆ కాడలే. కొందరిలో అయిదో ఎముక చివర పంగలకర్రలా చీలి రెండు వేళ్ళను మోస్తుంది, కొందరిలో అడ్డంగా ఒక కొమ్మ వేస్తుంది, కొందరిలో ఎముక ఒకటే ఉండి దాని తల మాత్రం వెడల్పై రెండు వేళ్ళకు పీట అవుతుంది, కొందరిలో ఆరో వేలికి విడిగా ఆరో ఎముకే ఉంటుంది. వీటిని 1976లో వెన్ వాట్సన్ వర్గీకరించి చెప్పారు, ఇప్పటికీ మేము ఆ పద్ధతిలోనే మాట్లాడుకుంటాం. పైకి ఒకే రకంగా కనబడే ఇద్దరు పిల్లల పాదాల్లో లోపలి పని పూర్తిగా వేరు కావచ్చు. ఎక్స్‌రే చూడకుండా, ఇది చిన్న వేలేగా, ఇప్పుడే తీసేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

ఏ వేలు తీయాలన్నది కూడా అనుకున్నంత సులువైన ప్రశ్న కాదు. చాలాసార్లు బయటిదే తీస్తాం, ఎందుకంటే పాదం అంచు నునుపుగా మిగులుతుంది, మచ్చ పక్కన ఉంటుంది. కానీ కొన్నిసార్లు లోపలి వేలు పొట్టిగా, సరైన కీలు లేకుండా ఉండి, బయటిదే ఎముకతో నేరుగా కుదురుకుని ఉంటుంది. అప్పుడు లోపలిదాన్ని తీసి బయటిదాన్ని దగ్గరకు తేవాలి. ఏది తీస్తున్నారో, ఎందుకు తీస్తున్నారో ఎక్స్‌రే చేతిలో పెట్టి ముందే మీకు చూపించమని డాక్టరును అడగండి.

వేలు కోసి చర్మం కుట్టేస్తే పదిహేను నిమిషాల పని. అలా ముగించిన పాదాలను నాలుగైదేళ్ళ తరువాత చూస్తే, మిగిలిన చిటికెన వేలు లోపలికి ఒరిగిపోయి, పక్కన ఎముక గుబ్బలా పొడుచుకు వచ్చి ఉంటుంది. ఎందుకంటే కీలును బయటి వైపు నుంచి పట్టి ఉంచే లిగమెంటు, వేలిని బయటికి లాగే చిన్న కండరపు కొన, ఈ రెండూ తీసేసిన వేలికే అంటుకుని ఉండి దానితో పాటే పోయాయి. సరైన పద్ధతిలో తొడకు గాలి పట్టీ బిగించి నెత్తురు కనబడకుండా చేసుకుంటాం, కళ్ళకు భూతద్దాలు పెట్టుకుంటాం, వేలి మొదలు చుట్టూ టెన్నిస్ బ్యాట్ ఆకారంలో గాటు పెడతాం. బయటి వేలి ఎముక మీది పొరతో సహా లిగమెంటును ఒక పట్టీలా వొలిచి పక్కన పెట్టుకుని, కండరపు కొనను దారంతో గుర్తు పెట్టుకుని, నరాన్ని పైకంటా కత్తిరించి కండలోకి పోనిచ్చి, అప్పుడు వేలు తీస్తాం. వెడల్పుగా ఉన్న ఎముక తలను పక్క నుంచి చెక్కుతాం. చిటికెన వేలి వైపు అరికాలి ఎముకల్లో పెరుగుదల పలక, అంటే ఎముక పొడవు పెరిగే చోటు, వేళ్ళకు దగ్గరగానే ఉంటుంది కాబట్టి, చెక్కేటప్పుడు దాన్ని తాకకుండా ఉండడానికి చేతిని ఎంత అదుపులో పెట్టుకోవాలో చేసినవాళ్ళకే తెలుస్తుంది. చివరగా దాచుకున్న పట్టీని, కండరపు కొనను మిగిలిన వేలికి బిగించి కుడతాం. అవసరమైతే వేలు నిటారుగా నిలబడేందుకు సన్నని తీగ గుచ్చి మూడు నాలుగు వారాలు ఉంచుతాం. చర్మానికి కరిగిపోయే కుట్లు వేస్తాం, వాటిని పీకనవసరం లేదు.

మత్తు గురించి మీ భయం సహజమే. 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మూడేళ్ళ లోపు పిల్లలకు మూడు గంటలకు మించి గానీ, మళ్ళీ మళ్ళీ గానీ మత్తు ఇస్తే మెదడు ఎదుగుదలపై ప్రభావం ఉండవచ్చని హెచ్చరిక ఇచ్చింది. మీరు ఎక్కడో చదివింది బహుశా అదే. ఆ తరువాత 2019లో వెలువడిన జీఏఎస్ అనే అంతర్జాతీయ పరిశోధన ఫలితాల్లో, పసితనంలో ఒక్కసారి గంట లోపు మత్తు తీసుకున్న పిల్లలకూ, నడుము దగ్గర ఇంజెక్షన్‌తో మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేయించుకున్న పిల్లలకూ అయిదేళ్ళ వయసులో తెలివితేటల్లో తేడా కనిపించలేదు. మీ పాపకు చేసే పని సాధారణంగా గంట అటూ ఇటూ. పిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవం ఉన్న డాక్టరు ఉన్న చోటే చేయించండి. నిద్రపోయాక నడుము కింద ఒక ఇంజెక్షన్ కూడా ఇస్తారు, దానివల్ల లేచాక కొన్ని గంటల పాటు నొప్పి తెలియదు. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకుండా చెప్పండి, వాయిదా వేస్తారు, నష్టం లేదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆవుపాలు, డబ్బాపాలు, అన్నం ఆరు గంటల ముందు, తల్లిపాలు నాలుగు గంటల ముందు, మంచినీళ్ళు రెండు గంటల ముందు ఆపాలి. బిడ్డ ఏడుస్తోందని చాటుగా రెండు చెంచాల పాలు పట్టే ప్రేమ మన ఇళ్ళలో ఉంది. మత్తులో ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే బిడ్డ ప్రాణాల మీదికి వస్తుంది. ఆ రోజు పాపను ఎవరు ఎత్తుకుంటారో ముందే అనుకుని, వాళ్ళకు ఈ సంగతి చెప్పి ఉంచండి.

ఆపరేషన్ తరువాత పిండికట్టు మోకాలి పైదాకా వేస్తే కంగారు పడవద్దు. మోకాలి కిందికే వేస్తే ఈ వయసు పిల్లలు రెండు రోజుల్లో తన్ని ఊడదీసుకుంటారు. కట్టు బయట కనబడే వేళ్ళ కొనలు గులాబీ రంగులో, వెచ్చగా ఉండాలి. నీలంగా, తెల్లగా మారినా, బాగా ఉబ్బినా, పాప ఎంతకీ ఊరుకోకుండా ఏడుస్తున్నా రాత్రయినా ఆస్పత్రికి వెళ్ళండి. కట్టు తీశాక పసుపు, పసర్లు పూయకండి. గాయం పూర్తిగా మానిన తరువాత కొబ్బరినూనెతో మచ్చ మీద రోజూ కాసేపు మెల్లగా మర్దన చేస్తే మెత్తబడుతుంది. వాపు రెండు మూడు నెలలు ఉంటుంది, అందాకా మెత్తని వెడల్పాటి చెప్పులే వాడాలి. ఎంత జాగ్రత్తగా చేసినా కొందరిలో ఎముక పెరిగేటప్పుడు వేలు కొద్దిగా ఒరగవచ్చు, కాబట్టి కొన్నేళ్ళ పాటు ఏడాదికొకసారి చూపించాలి.

అతుక్కున్న రెండో, మూడో వేళ్ళను నేను ముట్టుకోను. చేతి వేళ్ళు అతుక్కుంటే విడదీయాలి, ఎందుకంటే పట్టుకోవడం ఒక్కొక్క వేలి పని. కాలి వేళ్ళు కలిసే పని చేస్తాయి. పాదానికి ఆ చర్మం వల్ల ఏ నష్టమూ లేదు. విడదీస్తే సందులో చర్మం చాలదు, గజ్జల దగ్గర నుంచో మరో చోటి నుంచో తెచ్చి అతకాలి, మచ్చలు గట్టిపడతాయి, కొన్నిసార్లు సందు మళ్ళీ మూసుకుపోతుంది. పెళ్ళిలో రెండో వేలికి మెట్టెలు ఎలా తొడుగుతారని మీ అత్తగారు అడిగారని రాశారు. ఆ బాధ నేను చాలామంది అమ్మమ్మల, నానమ్మల నోట విన్నాను, దాన్ని చిన్నచూపు చూడను. ఆ చర్మాన్ని విడదీయడం పద్దెనిమిదేళ్ళకైనా వీలవుతుంది. అది తన పాదం, కావాలో వద్దో అప్పుడు తనే చెబుతుంది.

బాబును నిలబెట్టి వేళ్ళను చూడండి. ముడుచుకున్న వేళ్ళలో కొన్ని వయసుతో పాటు కొంత సర్దుకుంటాయి. ప్లాస్టర్ చుట్టి పక్క వేలికి కట్టడం వల్ల, తీసేశాక నిలిచే మేలేమీ ఉండదు. పాదాన్ని కిందికి వంచినప్పుడు వేలు తిన్నగా చాచుకుంటే, ఎముకలో వంకర లేదు, వేలిని కిందికి ముడిచే టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు, బిగుతుగా ఉందని అర్థం. గోరు నేలకు తగిలి దళసరి కావడం, కొన దగ్గర కాయ కాయడం, నొప్పి అనడం లాంటివి ఉంటే వేలి కింద చిన్న గాటుతో ఆ టెండన్‌ను తెంపితే చాలు. టెండన్‌ను వేలి పైకి మళ్ళించి కుట్టే పెద్ద ఆపరేషన్‌తో పోల్చి చూసినా ఫలితంలో తేడా కనిపించలేదు. బాబుకు ఇవేవీ లేకపోతే ఊరికే గమనిస్తూ ఉండండి. ఒకవేళ ఇద్దరికీ చేయించవలసి వచ్చినా ఒకే రోజున పెట్టుకోకండి, ఇద్దరు పిల్లలను ఎత్తుకోవడానికి మీకున్నవి రెండు చేతులే.

ఆగకూడని సందర్భం ఒకటి ఉంది, అది మీ పాపది కాదు. పుట్టిన బిడ్డ వేలి చుట్టూ తాడు బిగించినట్టు లోతైన గాడి ఉండి, దాని అవతలి భాగం ఉబ్బి నల్లబడుతుంటే గంటల్లో చూపించాలి. మీ బంధువుల్లో ఎవరికైనా కాన్పు దగ్గర పడి ఉంటే వాళ్ళకు ఈ మాట చెప్పి ఉంచండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, పిల్లల ఎముకల శస్త్రచికిత్స గానీ, పాదాలు చేసే ప్లాస్టిక్ సర్జరీ గానీ ఉన్న పెద్ద ఆస్పత్రికి. ఖర్చు భయం ఉంటే ముందు జిల్లా ఆస్పత్రిలోని డీఈఐసీ కేంద్రానికి వెళ్ళండి. పుట్టుకతో వచ్చే లోపాలున్న పిల్లల కోసం, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆ కేంద్రాలు నడుస్తున్నాయి, వాళ్ళే పై ఆస్పత్రికి కాగితం రాసి పంపగలరు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా లేదా అన్నది ఆ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి ముందే తేల్చుకోండి. ఇలాంటి ఆరో వేళ్ళు ఏడాదికి ఎన్ని చేస్తారని, లిగమెంటును తిరిగి కుడతారా అని డాక్టరును అడగడానికి మొహమాటపడకండి. చేసే అలవాటున్న వారు ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోరు, కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తారు.

పాప మొదటి పుట్టినరోజు చేసుకున్నాక రెండు పాదాలకూ ఎక్స్‌రే తీయించండి, ఈ మూడు నెలల్లో ఆ వేలికి చేయవలసింది ఏమీ లేదు, స్నానం చేయించాక వేళ్ళ సందులు తడి లేకుండా తుడిస్తే చాలు. ఎక్స్‌రే రోజున మీ అత్తగారిని కూడా వెంట తీసుకువెళ్ళండి. ఆవిడ మీకు మేనత్త, రెండు వైపుల రక్తమూ ఆవిడకు తెలుసు. ఫలానా పెదనాన్నకు, ఫలానా చిన్న తాతకు కాలి వేళ్ళు ఎలా ఉండేవో డాక్టరు అడిగితే ఆ ఇంట్లో జవాబు చెప్పగలిగేది ఆవిడ ఒక్కరే.